నా పేరు మూడు కాదు

పేరుకు క్రేయాన్‌ని. ఈ అంగన్‌వాడీలో మాత్రం అందరికీ ‘ఎర్ర కలరు’నే. ఒళ్లంతా మైనం, అందులో కాస్త రంగుపొడి. మా వంశంలో పేరు మోసినవి అమెరికాలో 1903లో ఎనిమిది రంగుల డబ్బా అయిదు సెంట్లకు అమ్ముడుపోయిన క్రేయోలాలు. నేనంత గొప్పింటిదాన్ని కాను, పన్నెండు రంగుల అట్టపెట్టెలో వచ్చాను. తెల్ల కలరుకు ఇక్కడ పనే తగల్లేదు. ఇంకా కొత్త పెళ్లికూతురులా ఉంది. నేను సగం అరిగాను, నా కాయితం చొక్కా ఎప్పుడో ఊడింది.

అంతగా అరగడానికి కారణం 3. టీచర్ మొదట్లో డొల్ల అంకెలు గీసి, 1కి పసుపు, 2కి నీలం, 3కి నన్ను కేటాయించింది. రోజూ అదే వరస. చూపించగానే “మూడు!” అని గది దద్దరిల్లేది, టీచర్ మురిసిపోయేది. ఓ రోజు నన్ను పైకెత్తి “ఇదేం రంగు నాన్నా?” అంటే ముక్కు కారుతున్న బుడ్డోడొకడు “మూడు” అన్నాడు. ఎర్రగా 5 రాసి చూపించినా మూడే. వాడికి వచ్చింది అంకె కాదు, నేను! మర్నాటి నుంచి 3కి రోజుకో రంగు. నా అరుగుదల కాస్త తగ్గింది.

డొల్ల అంకెను నింపడం దండగని అనను. అంకె ఒంపు చేతికి తెలుస్తుంది. 6కి బొజ్జ కింద, 9కి పైన అని పట్టుబడుతుంది. కానీ అంకెను పోల్చుకోవడం వేరు, లెక్క రావడం వేరు. మా దగ్గర ఇరవై దాకా ఒంట్లు గడగడా అప్పజెప్పే జడల పిల్ల ఒకతి ఉంది. “నాలుగు చింతగింజలియ్యమ్మా” అంటే గుప్పెడు పోస్తుంది. ఇది మా ఊరి వింతేమీ కాదు. కేరెన్ విన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో పసిపిల్లల్ని ఇలాగే ఇన్ని బొమ్మలియ్యమని అడిగి, ఆ సంగతులు 1990లో ప్రచురించింది. వరుసగా ఒంట్లు చెప్పగలిగినవాళ్లలోనే చాలామంది చేతికందినన్ని తీసిచ్చారట. ముందు ఒకటి అంటే ఎంతో తెలుస్తుంది, కొన్ని నెలలకు రెండు, ఆ తర్వాత మూడు. చివర పలికిన అంకే మొత్తమని బోధపడేసరికి ఇంకా పొద్దు పడుతుంది.

నా అసలు పని అక్కడే. వేలు పెట్టి లెక్కించే పిల్లలు ఒక కాయను రెండుసార్లు ముట్టుకుంటారు, ఇంకోదాన్ని దాటేస్తారు. వేలి జాడ కాయితం మీద మిగలదు, నా జాడ మిగులుతుంది. రంగు పడిన కాయ అయిపోయినట్టు, తెల్లగా ఉన్నది ఇంకా ఉన్నట్టు. టీచర్ ఎనిమిది టమాటాలు గీసి “అయిదింటికే రంగెయ్యండి” అంటుంది. వెయ్యడం తేలికే, ఆపడమే కష్టం. చాలా కాయితాల్లో ఎనిమిదీ ఎర్రబడతాయి. అయిదో కాయ దగ్గర చెయ్యి తనంతట తాను ఆగిందంటే నాకు పండగే.

అంకె ఉన్నచోటల్లా దానికి చెప్పిన రంగు నింపే చిలక బొమ్మల కాయితాలూ వస్తుంటాయి. ఆ ఆట 1950ల మొదట్లో డెట్రాయిట్‌లో డాన్ రాబిన్స్ అనే ఆయన పెద్దవాళ్ల కాలక్షేపానికి తయారుచేసింది. చిలక ముచ్చటగానే ఉంటుంది గానీ, అందులో పిల్లలు లెక్కపెట్టేదేమీ ఉండదు.

ఈమధ్య టీచర్ హాజరు పని జడల పిల్లకు అప్పగించింది. వచ్చిన ఒక్కొక్కరికీ ఒక్కో సున్నాలో నన్ను రుద్దాలి. ఆ కాయితం చూసి ఆయమ్మ గుడ్లు ఉడకేస్తుంది. నిన్న గుడ్డు ఒకటి మిగిలింది.

“ఇదెవరిదే తల్లీ?”

“టీచర్‌ది. టీచర్ కూడా వచ్చిందిగా!”

“టీచరమ్మ గుడ్డు మన లెక్కలోకి రాదే.”

పిల్ల కాయితం తెచ్చుకుని రబ్బరుతో ఆ సున్నాను గీకింది. మైనం రబ్బరుకు లొంగుతుందా? మరింత అలుక్కుపోయింది. నల్ల కలరు అడిగి తీసుకుని దానిమీద అడ్డంగా గీత కొట్టింది. మిగతావాటిని మొదటినుంచి మళ్లీ లెక్కపెట్టి, చివరి సున్నా దగ్గర ఆగి, “పదకొండు. అంతే ఆయమ్మా” అంది.