యావన్మందికీ తెలియజేయునది: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కొలాచల మల్లినాథసూరి కాళిదాసుకు టీక రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ఊరు కొల్చారం. ఇప్పుడది మెదక్ జిల్లాలో మండల కేంద్రం. రఘువంశానికీ కుమారసంభవానికీ మేఘదూతానికీ సంజీవని పోసిన ఊరికి కూడా ఇవాళ ఒక పంచాయతీ ఉంది. పంచాయతీ ఉన్నచోట గోడ ఉంటుంది, గోడ ఉన్నచోట నోటీసు ఉంటుంది. కావ్యాల సంగతి మల్లినాథుడు చూసుకున్నాడు. ఈ నోటీసును మాత్రం ఏ పండితుడూ ముట్టుకోలేదు. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు సరిగ్గా దాని కిందే బండి స్టాండు వేసి, గంటసేపు ఫోను చూసుకుంటారు తప్ప తలెత్తరు. వారి ఉపయోగార్థం ఈ సాహసం. మల్లినాథుడి ఒట్టులో రెండో సగం నేను నిలబెట్టుకోలేకపోవచ్చు.

మూలం

"ఇందుమూలముగా యావన్మంది గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ నెల 14వ తేదీ ఉదయం 10 గంటలకు పంచాయతీ కార్యాలయ ఆవరణలో సర్పంచ్ గారి అధ్యక్షతన గ్రామసభ నిర్వహించబడును. కావున ఓటర్లందరూ తప్పక హాజరై, తమ అమూల్యమైన సలహాలు, సూచనలు ఇచ్చి సభను జయప్రదం చేయవలసిందిగా కోరడమైనది. ఇట్లు, సం/- పంచాయతీ కార్యదర్శి."

టీక

ఇందుమూలముగా: దీని ద్వారా అని అర్థం. ఆశీస్సు, నమస్కారం, వస్తునిర్దేశం అని కావ్యారంభాలు మూడు విధాలన్నారు పెద్దలు. సర్కారు కావ్యానికి ఇది నాలుగో విధం. ఇది లేకుండా మొదలైన నోటీసును ఎవరూ నమ్మరు, దీనితో మొదలైనదాన్ని ఎవరూ చదవరు.

యావన్మంది గ్రామ ప్రజలకు: అందరికీ అని లోకంలో వాడుక. చట్టం అంత ఉదారంగా లేదు. రాజ్యాంగం 243వ అధికరణం (బి) ఖండం ప్రకారం ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్ల సమూహమే గ్రామసభ. ఊళ్లో పుట్టినంత మాత్రాన, ఊరి చెరువులో ఈత నేర్చినంత మాత్రాన, ఊరి క్రికెట్ జట్టుకు ఓపెనర్ అయినంత మాత్రాన అందులో సభ్యత్వం రాదు. కాబట్టి ఇక్కడ యావన్మంది అంటే జాబితాకెక్కిన యావన్మంది అని సంకోచార్థం చెప్పుకోవాలి.

శంక: ఎక్కడం ఎలా? సమాధానం: ఫారం-6తో. ఓటు వయసు ఒకప్పుడు 21. 61వ సవరణ అమల్లోకి వచ్చిన 1989 నుంచి 18. చాలాకాలం ఏటా జనవరి 1 ఒక్కటే లెక్క. ఆ తేదీకి నిండకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల ఒకటో తేదీలు నాలుగూ లెక్కలోకొచ్చాయి. పదిహేడు నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, వయసు నిండాక పేరు చేరుతుంది. పంచాయతీ జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే తీసి వార్డులవారీగా విడగొడతారు కాబట్టి, అందులో లేని పేరు ఇందులో మొలవదు. పోలింగు రోజు బూతు ముందు ఆధార్ కార్డు ఊపుతూ పోట్లాడేవాళ్లలో సగంమందికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

ఇంకో శంక: హైదరాబాదులో హాస్టల్లో ఉండి బీటెక్ చదివేవాడు ఏ ఊరివాడు? సమాధానం: హాస్టలున్న చోట నమోదు కావచ్చు, సొంతూళ్లో ఉంచుకోవచ్చు. రెండుచోట్లా కూడదు. సంక్రాంతికి వచ్చి అరుగు మీద కూర్చుని "ఈ ఊరు బాగుపడదురా" అనే హక్కు మాత్రం ఎక్కడ నమోదైనా ఉంటుంది. దానికి ఫారం లేదు.

ఉదయం 10 గంటలకు: అభిధావృత్తిలో పది. లక్షణావృత్తిలో పదకొండున్నర. వ్యంగ్యార్థం వేరే ఉంది: పనికి పోయేవాళ్లూ కాలేజీకి పోయేవాళ్లూ రానక్కర్లేదు అని. ధ్వని ప్రధానమైనదే ఉత్తమ కావ్యమన్నారు కాబట్టి ఈ నోటీసు ఉత్తమ కావ్యం. పదింటికి కాలేజీ బస్సు ఊరు దాటి గంటన్నర అయి ఉంటుంది. కూలీలు నాట్లలోనో కలుపులోనో ఉంటారు. షామియానా కింద మిగిలేది పింఛను ఆగిపోయిందని అడగడానికొచ్చిన ముసలివాళ్లు, బిల్లు రావాల్సిన కాంట్రాక్టరు, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త. ఈ వేళ ఎవరి మీదో కుట్రతో పెట్టింది కాదు. ఆఫీసు తెరిచేది పదింటికి, అంతే. మార్చమని అడిగినవాళ్లు లేరు, మార్చినవాళ్లూ లేరు.

సర్పంచ్ గారి అధ్యక్షతన: ఇది శ్లేష. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. కనుక ప్రకృతార్థం ఎన్నికైన ఆమె, అప్రకృతార్థం ఆమె భర్త. సంతకం ఒకరిది, దర్పం ఒకరిది. "సర్పంచ్ గారూ" అని పిలిస్తే ఇద్దరూ పలికే ఊళ్లున్నాయి. ఆమెనే నేరుగా చూసి ప్రశ్న అడగడం సభామర్యాదకు భంగం కాదు. పైగా శ్లేష అక్కడితో విడిపోతుంది.

ఈ పదం దగ్గరే ఇంకో విశేషం. 243ఎఫ్ ప్రకారం పంచాయతీకి పోటీ చేయడానికి 21 ఏళ్లు చాలు. అసెంబ్లీకి 25 కావాలి. మధ్యలో ఉన్న నాలుగేళ్లూ మన పిల్లలు డిగ్రీ పూర్తిచేసి, అశోక్‌నగర్‌లోనో అవనిగడ్డలోనో గది అద్దెకు తీసుకుని, నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే నాలుగేళ్లే. పంచాయతీరాజ్ చట్టాన్ని అక్కడ బట్టీ పడతారు. 73వ సవరణ ఏ రోజు అమల్లోకి వచ్చిందంటే నిద్రలో లేపినా 1993 ఏప్రిల్ 24 అంటారు. 11వ షెడ్యూల్లో అంశాలెన్నంటే 29 అంటారు. తమ వార్డు మెంబరు పేరేమిటంటే ఆప్షన్లు అడుగుతారు.

గ్రామసభ: సభ అనగానే దండలు, శాలువాలు స్ఫురిస్తాయి. ఈ సభ అది కాదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఆరో సెక్షను దీని ముందు పెట్టమన్నవి ఇవి: జమాఖర్చులు, ఆడిట్ నివేదిక, నిరుటి పాలన నివేదిక, ఈ ఏడు చేయబోయే పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు, పథకాల లబ్ధిదారుల ఎంపిక. ఇంటిపన్ను ఎంత వసూలైంది, బ్లీచింగు పౌడరుకు ఎంత ఖర్చు రాశారు, వీధి దీపాలు ఏ ధరకు కొన్నారు అని లేచి అడగడం దబాయింపు కాదు, ఎజెండాలోని అంశం. సభ సూచనలను పంచాయతీ "తగురీతిన" పరిశీలించాలంది చట్టం. తగురీతి ఎంత అన్నదాని మీద వ్యాఖ్యాతల్లో ఏకాభిప్రాయం లేదు.

పూర్వపక్షం: ఇదంతా ఉత్త మాటల సభ, దీని మాట ఎవడు వింటాడు? ఈ ఆక్షేపణ కొట్టిపారేయదగింది కాదు. మైదాన ప్రాంతపు గ్రామసభకు పళ్లు తక్కువే. అయితే మనకు పక్కనే ఒడిశాలో నియమగిరి ఉంది. రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకాల వ్యవహారంలో, అటవీ హక్కుల చట్టం కింద వచ్చే మత, సాంస్కృతిక హక్కుల సంగతిని కొండవాలు పల్లెల సభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జులై, ఆగస్టు నెలల్లో జిల్లా జడ్జి సమక్షంలో 12 పల్లెల్లో సభలు పెట్టారు. కొన్ని పల్లెల్లో ఓటర్లు వందకైనా లేరు. అడవి దారుల్లో నడిచొచ్చిన డోంగ్రియా కోందు గిరిజనులు ఒక్కొక్కరే లేచి తమ కొండ సంగతి తమ భాషలో చెప్పారు. పన్నెండింటికి పన్నెండు సభలూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది.

మన దగ్గర కూడా ఒక ఉదాహరణ ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షను సామాజిక తనిఖీని గ్రామసభ చేతిలో పెట్టింది. దేశంలో దాన్ని అందరికంటే ముందు గట్టిగా పట్టుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. కూలీల కుటుంబాల్లో చదువుకున్న కుర్రాళ్లకు, అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి, హాజరు మస్టర్లు చేతికిచ్చి ఇంటింటికీ పంపారు. "నువ్వు చెరువు పనికి ఇన్ని రోజులు పోయినట్టు రాశారు, నిజమేనా?" అని అడగడమే వాళ్ల పని. చనిపోయినవాళ్లు మట్టి మోసినట్టు, ఊళ్లోనే లేనివాళ్లు కూలి తీసుకున్నట్టు అలా బయటపడింది. తనిఖీ చివర పెట్టే ప్రజావేదిక మైకులో ఇరవై ఏళ్ల పిల్ల మస్టరు గట్టిగా చదువుతుంటే వేదిక మీద పెద్దమనుషులు నీళ్లసీసా కోసం తడుముకునేవారు.

ఓటర్లందరూ తప్పక హాజరై: పల్లె ఓటుకూ పట్నం ఓటుకూ స్వభావభేదం ఉంది. పంచాయతీలో సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డు మెంబరుకు తెలుపు. పార్టీ గుర్తులుండవు, ఉంగరం, కత్తెర, బ్యాటు ఉంటాయి. వార్డులో ఓటర్లు వందల్లోనే కాబట్టి ఒక్క ఓటుతో గెలిచినవాళ్లు ప్రతిసారీ పత్రికలకెక్కుతారు. సమానంగా వస్తే చీటీ తీస్తారు. అమావాస్య అని బయల్దేరని ఒక మేనమామ, రిజర్వేషన్ దొరకని ఒక మేనల్లుడు ఆ చీటీకి ఉపాదాన కారణాలు.

పట్నంలో కథ వేరు. 2020 డిసెంబరులో జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓల్డ్ మలక్‌పేట కాక మిగిలిన 149 వార్డులకు కలిపి పోలైంది 46.55 శాతం. అంతకుముందు 2016లోనూ సగం దాటలేదు. చెత్తబండి రాలేదని కాలనీ గ్రూపులో తెల్లవారుజామున మొదలయ్యే గోల వినేవాడికి, ఆ కాలనీలో సగంమంది కార్పొరేటర్ ఎన్నికకు గడప దాటలేదంటే నమ్మబుద్ధి కాదు. వచ్చినవాళ్లు మాత్రం కళ్లు తెరిచే వచ్చారు. ఓల్డ్ మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థికి కంకి కొడవలి ఉండాల్సిన చోట సీపీఎం వాళ్ల సుత్తీ కొడవలీ అచ్చయిందని పోలింగు ఆపించి, రెండు రోజులాగి మళ్లీ జరిపించారు. కంకికీ సుత్తికీ భేదం పట్టుకోగలిగిన ఓటరున్న దేశంలో యువతకు రాజకీయ స్పృహ లేదని ఉపన్యాసాలివ్వడం నాకు నచ్చదు. స్పృహ ఉంది. ఊడ్చే మనిషి ఎవరి కింద పనిచేస్తాడో తెలియదు, అంతే.

అమూల్యమైన సలహాలు, సూచనలు: అమూల్యం అంటే వెలకట్టలేనిది. వెలకట్టలేనిది అంచనా పత్రంలో చేరదు, అంచనాలో చేరనిదానికి నిధులు రావు. కాబట్టి తెలివైన సభికుడు అమూల్యమైన సలహా ఇవ్వడు, మూల్యమున్నదే ఇస్తాడు. "గ్రామాభివృద్ధికి అందరూ సహకరించాలి" అనేది అమూల్యం. "మూడో వార్డులో రామాలయం పక్క కాలవకు ఇరవై మీటర్లు మూత పలకలు కావాలి" అనేది రెండో రకం.

ఇక్కడే ఈ టీక రాయడానికి అసలు కారణం చెప్పేస్తాను. అదే కాలవ ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో ఏడాదిగా తిరుగుతోంది. కింద కోపపు బొమ్మలు, దండం బొమ్మలు, మధ్యలో ఎవరో పెట్టిన శుభోదయం. రేపు ఆ ఫోను పాడైతే ఆ ఫిర్యాదు కూడా పోతుంది. అదే మాటను సభలో లేచి చెప్పి, "కార్యదర్శి గారూ, దీన్ని తీర్మానాల పుస్తకంలో రాయండి" అంటే అది కాగితం అవుతుంది. వచ్చే సభలో "పోయినసారి రాసినదాని సంగతేమిటి?" అని అడగడానికి పట్టు దొరుకుతుంది. ఆ పేజీ నకలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టాలి. మన దగ్గర గ్రామస్థాయి దరఖాస్తుకు ఫీజు కూడా లేదు.

ఆ పుస్తకానిది ఒక విచిత్ర లక్షణం. కొన్ని ఊళ్లలో సంతకాలు ముందు పుడతాయి, తీర్మానాలు తర్వాత. సభ కాగానే పుస్తకం ఇల్లిల్లూ తిరుగుతుంది. "ఏం లేదు బాబాయ్, హాజరుకే" అంటారు. పైన సగం పేజీ తెల్లగా ఉంటుంది. కార్యకారణ సంబంధం తలకిందులైంది కాబట్టి దీన్ని అతిశయోక్తి భేదంగా గుర్తించాలి. చదువుకున్న పిల్లలు సభకు వెళ్లి చేయగల మొదటి పనికి ఉపన్యాసశక్తి అక్కర్లేదు. పుస్తకం తీసుకుని, రాసిందేమిటో అందరికీ వినబడేలా చదవడమే.

సభను జయప్రదం చేయవలసిందిగా: ఫ్లెక్సీ కనబడేలా ఫొటో తీసి పైకి పంపితే జయం సిద్ధించినట్టే. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మంచి పనే. సభలు ఎన్నో లెక్క తేలింది. ఎంతమంది నోరు తెరిచారో లెక్కపెట్టే పట్టిక ఇంకా రావాలి.

కోరడమైనది: కర్మణి ప్రయోగం. కోరిందెవరు? కర్త కనబడడు. ప్రభుత్వ రచనల్లో కర్తృలోపం దోషం కాదు, గుణం.

ఇట్లు, సం/-: సంతకం చేసినట్టే అనుకోమని భావం. దీన్నీ తేలిగ్గా తీసుకోకూడదు, ఒక్కోసారి ఊరికి కార్యదర్శి సంతకమే దిక్కు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పంచాయతీలకు పాలకవర్గాలే లేవు. ప్రత్యేకాధికారులే నడిపారు. ఒక్కో అధికారికి అసలు ఉద్యోగం వేరే ఉంది, ఊళ్లు అదనం. ఎన్నికైన పాలకవర్గం లేనిచోటికి కేంద్ర ఆర్థిక సంఘం నిధులు రావు. ట్రాక్టరు డీజిలుకు కార్యదర్శులు జేబులోంచి పెట్టుకున్నారన్న వార్తలు ఆ కాలపు జిల్లా పేజీల్లో చదివాం. రాజ్యాంగం అయిదేళ్లకోసారి ఎన్నిక అంది, మన వీధుల్లో దాని గురించి ఎవరూ గట్టిగా అడగలేదు.

తాత్పర్యం: పధ్నాలుగున సభ ఉంది, రండి.

పాఠభేదం: మూలంలో "ఉదయం 10 గంటలకు" అన్నదే బహుప్రతుల పాఠం. ఒక ప్రతిలో మాత్రం "ఉదయం 10" కొట్టేసి, నీలం బాల్‌పెన్నుతో "సాయంత్రం 6" అని దిద్ది ఉంది. లేఖక ప్రమాదమనడానికి వీల్లేదు. పక్కనే కార్యదర్శి పొట్టి సంతకం, దాని మీద పంచాయతీ గుండ్రటి ముద్ర ఉన్నాయి. మార్చమని అడిగినవారి దరఖాస్తు కూడా దాని పక్కనే అంటించారు, కింద పదకొండు సంతకాలు. ఈ పాఠమే గ్రాహ్యం.