ఒక్క ప్రూఫూ రాయకుండా పీహెచ్‌డీ: సూరత్ టోపాలజీ స్కాలర్లకు చిట్కాలు

తమ్ముడూ, నెట్ గట్టెక్కావు. జేఆర్ఎఫ్ వచ్చింది. పైగా టోపాలజీ, అదీ సూరత్‌లో. 2023 జనవరి నుంచి ఫెలోషిప్ నెలకు 37,000. రెండేళ్ళయ్యాక ఎస్ఆర్ఎఫ్ కింద 42,000. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి ఆరేళ్ళ గడువుంది, రీ-రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఇంకో రెండేళ్ళు. ఇంత తీరిక చేతిలో పెట్టుకుని తెల్లవారుజామున లేచి లెమ్మాలతో కుస్తీ పట్టేవాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్ళకు చెప్పేవాళ్ళు లేక అలా అయ్యారు. నీకు నేనున్నాను.

1. సబ్జెక్టు పేరు ఎప్పుడూ పూర్తిగా చెప్పు. ఉత్త "లెక్కలు" అన్నావా, లింబాయత్‌లో, ఉధ్నాలో ఉన్న మనవాళ్ళు తమ పిల్లలకు ట్యూషన్ చెప్పమంటారు. "జామెట్రిక్ గ్రూప్ థియరీ" అను. టీ ఇచ్చి పంపిస్తారు.

2. చదవాల్సిన పేపర్ల జాబితా తయారుచెయ్యి. ఇదే పునాది, జాగ్రత్తగా విను. ఒక పేపరు తీసుకో. దాని చివర్లోంచి నాలుగు పేపర్లు ఎంచుకో. ఆ నాలుగింటిలో ఒక్కోదానికి మూడేసి కొత్తవి. వాటిలో మళ్ళీ ఒక్కోదానికి మూడేసి. చూసినదాని వైపు తిరిగి రావద్దు. పదో అంచెకు నీ జాబితాలో 1,18,097 పేపర్లుంటాయి. రెండు జనరేటర్ల ఫ్రీ గ్రూపు అచ్చం ఇలాగే పెరుగుతుంది, కాబట్టి ఇది చదువులో భాగమే. కొందరు గళ్ళ కాగితం మీద నడిచినట్టు చదువుతారు. కుడికి వెళ్ళి పైకెక్కినా, పైకెక్కి కుడికి వెళ్ళినా వాళ్ళకు అదే పేపరు ఎదురవుతుంది. పది అంచెలు నడిచినా 221 దగ్గరే ఆగిపోతారు. 221 పేపర్లంటే రెండేళ్ళలో అయిపోతాయి. ఆ తర్వాత రాయక చస్తారా? నువ్వు చెట్టులా కొమ్మలేసుకుంటూ పో. ఎవరడిగినా "ఇంకా లిటరేచర్ సర్వేలోనే ఉన్నాను" అను. అది నిజం కూడా.

3. గైడ్ ఒక గ్రూపు ఇచ్చి, "ఈ పదం ఐడెంటిటీ అవుతుందో లేదో చూసి రా" అంటారు. చూడొద్దు. "సార్, ఈ సమస్యను మాక్స్ డేన్ 1911లో లేవనెత్తారు. అన్ని గ్రూపులకూ పనిచేసే పద్ధతి లేనేలేదని 1955లో నోవికోవ్ నిరూపించారు" అని వినయంగా చెప్పు. లేని పద్ధతితో పని చెయ్యమని ఏ గైడూ అడగలేరు. ఒక్క జాగ్రత్త: ఆయన ఇచ్చింది హైపర్‌బాలిక్ గ్రూపు అయితే ఈ మాట చెల్లదు. అక్కడ రిలేషన్‌లో సగానికి మించిన ముక్క ఎక్కడ కనిపిస్తే అక్కడ తీసేసి, మిగిలిన పొట్టి ముక్క పెట్టుకుంటూ పోతే పదం దానంతటదే తరిగిపోతుంది. మధ్యాహ్నం భోజనం లోపు తేలిపోయే పని. అందుకే ఏ గ్రూపో ఎప్పుడూ పలకొద్దు. "జనరల్ కేసు" అనే అను.

4. ప్రోగ్రెస్ రిపోర్టుకు క్వాజీ-ఐసోమెట్రీని మించిన ఆయుధం లేదు. దూరాలను ఒక స్థిరసంఖ్యతో హెచ్చవేసినా, ఇంకో స్థిరసంఖ్య కలిపినా ఫరవాలేదని ఈ శాస్త్రమే ఒప్పుకుంది. పూర్ణసంఖ్యల మధ్య ఖాళీలున్నాయి కదా, దూరం నుంచి చూస్తే అవీ నిండు గీతే. నీ రిపోర్టులో ఖాళీలూ అంతే. మార్చిలో ఇవ్వాల్సింది ఆగస్టులో ఇవ్వు, ఐదు నెలలు స్థిరసంఖ్య. ఇంకో సంగతి: ఎంత పెద్ద ఫైనైట్ గ్రూపైనా దూరం నుంచి ఒక్క చుక్కతో సమానం. ఆరేళ్ళూ ఫైనైటే. అందులో పని చేసినవాడూ చేయనివాడూ ఒకటేనని నేను కాదు, నిర్వచనమే చెబుతోంది.

5. సెమినార్ నలభై నిమిషాలైతే పాతిక నిమిషాలు గారె గురించి మాట్లాడు. గారెకు చిల్లుంది, టీకప్పు పిడికీ చిల్లుంది, కాబట్టి రెండూ ఒకటే. ఇడ్లీకి లేదు, అది వేరు. గుజరాతీ మిత్రులకు గారె తెలియకపోతే మెదువడ అను. వీలైతే ఒక ప్లేటు తెప్పించి బల్లమీద పెట్టు. తినే నోటితో ఎవరూ ప్రశ్నలు వెయ్యరు.

6. తప్పు దొరికిందా, కంగారుపడకు. "నీ రెండు ఉదాహరణలూ ఒకటే" అని ఎవరైనా అంటే పెర్కో జంట పేరెత్తు. ముడుల పట్టికల్లో రెండు వేర్వేరు ముడులుగా దాదాపు 75 ఏళ్ళు నిలిచినవి నిజానికి ఒక్కటేనని 1974లో న్యూయార్క్ లాయరు కెన్నెత్ పెర్కో చూపించాడు. అన్నేళ్ళు దొరకని తప్పులుంటాయి. నీది దొరికేసరికి నువ్వు రిటైరై ఉంటావు.

7. పేపరు ఎప్పుడు పంపుతావని నిలదీస్తే రెండు ఉదాహరణలు చాలు. పెరెల్మాన్ 2002, 2003లలో తన మూడు వ్యాసాలనూ ఆర్కైవ్‌లో పెట్టి ఊరుకున్నాడు, ఏ జర్నల్‌కూ పంపలేదు. నువ్వూ పంపకు. ఆర్కైవ్‌లో పెట్టే శ్రమా నీకెందుకు? ఇక కానన్, థర్స్టన్‌ల వ్యాసం 1980లలోనే చేతులు మారడం మొదలుపెట్టి 2007లో గానీ అచ్చు కాలేదు. ఇరవై ఏళ్ళు పైనే. నిన్ను అడిగేది ఆరేళ్ళకేగా! వాళ్ళు ముందు సిద్ధాంతం నిరూపించి తర్వాత తాత్సారం చేశారు, నువ్వు తాత్సారంతోనే మొదలుపెడుతున్నావు. సగం దారి కలిసొచ్చినట్టే.

8. ముంబై వెళ్ళకు. రైల్లో నాలుగు గంటలు కూడా పట్టదు, అదే ప్రమాదం. టీఐఎఫ్ఆర్‌లో మహన్ మహరాజ్ ఉన్నారు. రామకృష్ణ మిషన్ సన్యాసి. ఆ కానన్-థర్స్టన్ మ్యాపుల మీదే పనిచేసి 2011లో భట్నాగర్ బహుమతి అందుకున్నారు. అలాంటి చోట టీ తాగేటప్పుడు కూడా "ఏం చేస్తున్నావు?" అంటారు, జవాబు చెప్పేదాకా నిలబడి వింటారు.

9. ఇప్పుడు అసలు చిట్కా. సూరత్‌లో ఉన్నందుకు మగ్గాలను వాడుకో. లింబాయత్‌లో మా బాబాయి సాంచాలు నడుపుతాడు, కరీంనగర్ నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు. అక్కడికెళ్ళి పడుగు, పేక, బీముల ఫొటోలు ఓ యాభై తీసుకో. స్లైడ్ల మీద పరిచి "వస్త్రాల టోపాలజీ" అని రాయి. అల్లికలో తిరిగి తిరిగి వచ్చే గళ్ళ ముక్కను తీసుకుని పై అంచును కింది అంచుకు, ఎడమను కుడికి అతికిస్తే గారె ఉపరితలం వస్తుందని, దారాలు దానిచుట్టూ చిక్కుపడ్డ ఉంగరాలవుతాయని చెప్పు. చప్పట్లు మోగుతాయి. అక్కడితో ఆపు.

ఆపకపోతే ఏమవుతుందో చెబుతాను. బాబాయి నన్నొకసారి అడిగాడు: "బిడ్డా, గళ్ళ కాయితం మీద డిజైను గీసినంక, బట్ట ఒక్కటిగ ఉంటదా, రెండు పొరలై ఊడొస్తదా, నేయకముందే చెప్పొచ్చా?" ఇది పచ్చి ప్రమాదం. ఎందుకంటే ఇది మంచి ప్రశ్న. 1980లో గ్రున్‌బామ్, షెపర్డ్ శాటిన్, ట్విల్ అల్లికల జ్యామితి మీద రాశారు. అదే ఏడాది క్లాఫమ్ సరిగ్గా ఈ ప్రశ్నకే, గడులు లెక్కపెట్టి తేల్చే పద్ధతి చెప్పాడు. వాళ్ళను చదివావో, బాబాయి దగ్గరున్న డిజైన్ల మీద ప్రయత్నించబుద్ధవుతుంది. ప్రయత్నిస్తే దాన్నుంచి ఇంకో ప్రశ్న పుడుతుంది. రాత్రి పదకొండైనా లేవవు. నేనూ ఒక వారం అలా కూర్చుని, పదిహేడు డిజైన్లు గీసి, అదృష్టం బాగుండి కాగితాలు చించేశాను.

10. గడువు తీరాక దిగులొద్దు. "మనదేశంలో ఈ సబ్జెక్టు దిద్దేవాళ్ళు లేరు" అని ఇంటికి ఫోన్ చెయ్యి. నవజీవన్‌కు వరంగల్ దాకా బెర్తు తీసుకో. రెండు కిలోల ఘారీ కట్టించుకో, ఊళ్ళో వాళ్ళ నోళ్ళకు పనుంటుంది. బాబాయి స్టేషన్‌కు వస్తాడు, సామాను పైన పెట్టి కిటికీ దగ్గర నిలబడతాడు, ఎనిమిదేళ్ళయినా ఆ డిజైను కాయితం జేబులోనే ఉంటుంది. "తేలిందా, బిడ్డా?" అంటాడు. "తేలుతది బాబాయ్, కేసు జనరల్" అను. రైలు కదిలేదాకా ఆ మాట మీదే ఉండు.