అరగంట తక్కువ కొలువు

ఇంగ్లీషు చెబుదామని జపాన్‌లో దిగిన విదేశీ టీచరుకు, అక్కడి భాష వంటబట్టే లోపే లెక్కలు వచ్చేస్తాయి. మొదటి లెక్క కాంట్రాక్టులోనే ఉంటుంది: వారానికి 29.5 గంటల పని.

ఆ మిగతా అరగంటను ఎవరు మింగారు? పూర్తికాలం ఉద్యోగి చేసే 40 గంటల్లో ముప్పాతిక వంతు, అంటే 30 గంటలు చేయిస్తే, ఆరోగ్య బీమాలో, పింఛనులో యజమాని సగం వాటా కట్టాలి. అందుకని సంభాషణ నేర్పే బడులు చాలావరకు గీతకు ఇవతలే ఆగిపోయాయి. క్లాసుకీ క్లాసుకీ మధ్య బోర్డు తుడవడం, పుస్తకాలు సర్దడం, వచ్చే పిల్లాడికి నవ్వుతూ హలో చెప్పడం పనిలోకి రావట. అదంతా విశ్రాంతేనట!

2016లో ప్రభుత్వం పెద్ద సంస్థలకు ఆ గీతను 20 గంటలకు దించింది. అయితేనేం, ‘నువ్వు ఉద్యోగివే కావు నాయనా, స్వతంత్ర కాంట్రాక్టరువి’ అనే ఒప్పందం ఉండనే ఉంది. వేళలు వాళ్లవి, పుస్తకం వాళ్లది, కట్టుకునే టై కూడా వాళ్లు చెప్పిందే. స్వాతంత్ర్యం మాత్రం టీచరుది.

రెండోది అయిదేళ్ల లెక్క. ఒకే యజమాని దగ్గర రెన్యువల్ మీద రెన్యువల్‌తో అయిదేళ్లు దాటినవాళ్లు అడిగితే, గడువు లేని ఒప్పందం ఇచ్చి తీరాలని 2013 ఏప్రిల్‌ నుంచి చట్టం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా? ‘అయిదేళ్లకు మించి పొడిగింపు లేదు’ అని మొదటి రోజే సంతకం పెట్టించుకునే పూజారులు బయల్దేరారు. మధ్యలో ఆరు నెలలు ఖాళీ వస్తే పాత లెక్క చెరిగిపోయే వెసులుబాటూ ఆ చట్టంలోనే ఉంది. దాని ముద్దుపేరు ‘కూలింగ్’. కడుపు కాలుతున్నవాణ్ణి కాస్త చల్లబడి రమ్మనడం!

ఇక జీతమే రాకపోతే? 2007 అక్టోబరులో నోవా అనే పెద్ద గొలుసు బడి కుప్పకూలి, వేలమంది విదేశీ టీచర్లు జీతాల్లేక వీధిన పడ్డారు. కొందరు భోజనం పెడితే చాలు పాఠం చెబుతామన్నారు. వారాలు చేసుకుని చదువుకున్న శిష్యులు మనకు తెలుసు. వారాలు చేసుకుని చదువు చెప్పే గురువులను తయారుచేసిన ఘనత ఈ వ్యాపారానిదే.

మనవాళ్లెవరైనా ఆ కొలువుకు బయల్దేరుతుంటే ఒక్క మాట. జీతం అంకె చూసి మురిసిపోయే ముందు గంటల గడి చూడండి. అక్కడ 29 పక్కన చుక్క, చుక్క పక్కన 5 ఉంటే, మీ పింఛను ఆ చుక్క దగ్గరే ఆగిపోయిందేమో అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.