రెండు జిరాక్సులు

మా బాబాయి హవల్దారుగా రిటైరై ఇంటికొచ్చేనాటికి ఆయన వయసు 43. పంతొమ్మిదో ఏట సికింద్రాబాద్ ఆర్డ్‌నెన్స్ కోర్ సెంటర్లో ట్రైనింగుకు చేరినవాడు, జబల్‌పూర్ డిపోలోనూ ఇంకో నాలుగు చోట్లా 24 ఏళ్లు స్టోర్లు చూసి, ఒక ట్రంకు పెట్టె, ఒక డిశ్చార్జి బుక్కుతో చిలకలూరిపేట బస్టాండులో దిగాడు. ఆ బుక్కును పొలం పాసుపుస్తకం కంటే భద్రంగా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరిగేవాడు.

"పింఛనొస్తది గదా, ఇంకా ఉద్యోగమెందుకయ్యా?" అని పేటలో అడగనివాళ్లు లేరు. అడిగినవాళ్లెవరూ వాళ్ల పిల్లల ఇంజినీరింగు ఫీజు సగం పింఛనుతో కట్టి ఉండరు. మనిషికి ఖర్చులు మొదలయ్యే వయసు చూసి మరీ ఇంటికి పంపిస్తుంది సైన్యం.

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువుల్లో మాజీ సైనికులకు 10 శాతం కేటాయింపు ఉంది. వయసు లెక్కలో సైన్యంలో చేసిన ఏళ్లు తీసేస్తారు కూడా. ఆ లెక్కన బాబాయికి 19 ఏళ్లు. ఆ మాట విని పిన్ని పడీపడీ నవ్వింది. కానీ పరీక్ష రాయాల్సిన బుర్ర వయసు ఎవరూ తగ్గించలేరు గదా. రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ తప్పాడు.

ఇక లాభం లేదని నా బండి వెనక ఎక్కించుకుని బయల్దేరాను. పత్తి పండే ఊళ్లు కాబట్టి పేట చుట్టూ జిన్నింగు, స్పిన్నింగు మిల్లులు. మిరప పండుతుంది కాబట్టి కోల్డు స్టోరేజీలు. ఎక్కడో ఒకచోట స్టోరు చూసే మనిషి అక్కర్లేకపోతుందా అని మా ఆశ.

మొదట వెళ్లిన స్పిన్నింగు మిల్లులో స్టోర్‌కీపరు పోస్టు నిజంగానే ఖాళీ ఉంది. మేనేజరు మంచివాడే. "మిలిటరీలో ఏం చూసేవాళ్లండీ?" అన్నాడు.

"ట్యాంకు బోల్టు దగ్గర్నుంచి బూటు లేసు దాకా అన్నీనండీ."

మేనేజరు సొరుగులోంచి గోరంత ఉక్కు కొక్కెం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. రింగు ట్రావెలర్. కదురుకొకటి చొప్పున మిల్లులో వేలకు వేలుంటాయి, అరిగినప్పుడల్లా మార్చాలి. "ఇదేందో తెలుసా?"

బాబాయి దాన్ని వేలి మీద పెట్టుకుని తిప్పి చూశాడు. "పేరు తెలీదండీ. మీ దగ్గర ఎన్నున్నాయో, వారానికెన్ని అరుగుతున్నాయో, ఎన్ని లెక్కకు రాకుండా పోతున్నాయో మాత్రం నెల తిరక్కముందే చెబుతాను."

మేనేజరు మొహం వెలిగింది. దరఖాస్తు చూశాక ఆరిపోయింది. "సివిల్ ఎక్స్‌పీరియన్సు దగ్గర ఏమీ రాయలేదే?"

కోల్డు స్టోరేజీ ఆసామి అసలు దరఖాస్తే అడగలేదు. బాబాయి మీసం కేసి చూసి మురిసిపోయాడు. "నువ్వు గేటు దగ్గర నిలబడితే టిక్కీ కాదుగదా మిరపకాయ కూడా బయటికి పోదు. రాత్రి డ్యూటీ చెయ్యి." స్టాకు రాసే పని ఇప్పించమంటే, "దానికి మా బావమరిది ఉన్నాడుగా" అన్నాడు. ఆ ఘాటుకో మరెందుకో బాబాయి బయటికొచ్చి చాలాసేపు దగ్గాడు.

ఇంకో ఆరు నెలలు తిరిగాక, గేటైనా సరేనన్నాడు. అప్పుడు వెళ్లాం, ఒక మేడ మీది సెక్యూరిటీ ఏజెన్సీకి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో వచ్చిన చట్టం గార్డుల నియామకంలో మాజీ సైనికులకు ప్రాధాన్యం ‘ఇవ్వవచ్చు’ అంటుంది. ‘ఇవ్వాలి’ అనదు. ఇక్కడ మాత్రం ఇచ్చేట్టే కనిపించారు. బాబాయిని కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది ఆ ఒక్కచోటే.

"మీలాంటివాళ్ల కోసమే చూస్తున్నాం సార్. మిలిటరీ గార్డయితే మిల్లులవాళ్లు రేటెక్కువిస్తారు" అని డిశ్చార్జి బుక్కు రెండు జిరాక్సులు తీసుకున్నారు. ఒరిజినలు ఇవ్వబోతే వద్దన్నారు. "పద్ధతి తెలిసిన మనుషులురా" అన్నాడు బాబాయి మెట్లు దిగుతూ. ఫోను చేస్తామన్నారు.

మూడు నెలలైనా ఫోను రాలేదు. ఈలోపు స్పిన్నింగు మిల్లులో కొత్త స్టోర్‌కీపరు మానేశాడని తెలిసి మళ్లీ అక్కడికే వెళ్లాం. గేటు దగ్గర కొత్త గార్డున్నాడు. 22 దాటి ఉండవు. చొక్కా భుజాలు దిగి వేలాడుతోంది. బాబాయి మీసం చూసి భయపడ్డాడో ఏమో, సెల్యూట్ కొట్టాడు. మోచెయ్యి వాలిపోయింది. బాబాయి చెయ్యి దానంతటదే లేచి ఆ మోచేతిని సరిచేసింది. అట్లా సరిచేస్తున్నవాడల్లా వాడి జేబు కేసి చూస్తూ ఆగిపోయాడు.

"మిలిటరీయా బాబూ?"

"అవును సార్. ఇక్కడ మిలిటరీ వాళ్లనే పెట్టుకుంటారు."

"ఏ కోరు?"

"ఆర్డ్‌నెన్సు సార్." అప్పజెప్పినట్టు చెప్పాడు.

"ఎన్నేళ్లు చేశావు?"

"24 ఏళ్లు సార్."

అప్పుడు చూశాను నేను, వాడి జేబు మీది నేమ్‌ప్లేటు. బాబాయి పేరు. ఇంటిపేరు అక్షరంతో సహా.

నేను నోరు తెరవబోతే బాబాయి నా భుజం మీద చెయ్యేశాడు. కుర్రాడు రిజిస్టరు మా ముందుకు తోశాడు. "లోపలికెళ్లాలంటే పేర్లు రాయాలి సార్."

బాబాయి పెన్ను అందుకుని, ఒక క్షణం ఆగి, నా చేతికిచ్చాడు.

"నీ పేరొక్కటే రాయరా. నేను డ్యూటీలోనే ఉన్నాను."