విప్పడానికి వీల్లేని వాల్వు

నేను గీసిన వాల్వు బాగానే పనిచేసింది, అరిగేదాకా. అరిగిన రోజున దాన్ని ఎవరు, ఏ పనిముట్టుతో బయటికి తీస్తారన్న ఆలోచన లేకుండానే డ్రాయింగు మీద సంతకం పెట్టాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంతకం నన్ను వదలడం లేదు.

బాలానగర్‌లో మా షెడ్డు. చక్కెర ఫ్యాక్టరీల్లో ఎవాపొరేటర్ గొట్టాల లోపల పేరుకున్న గారను నీటి ధారతో కొట్టి వదిలించే పంపులు చేసేవాళ్లం. మూడు ప్లంజర్లు, 500 బార్ల ఒత్తిడి. ఒక్కో ప్లంజరుకు రెండు నాన్‌రిటర్న్ వాల్వులు: లోపలికి వచ్చిన నీటిని వెనక్కి పోనివ్వనిది ఒకటి, బయటికి వెళ్లినదాన్ని తిరిగి రానివ్వనిది మరొకటి. క్రాంకు నిమిషానికి 500 సార్లు తిరిగితే ప్రతి వాల్వూ గంటకు 30,000 సార్లు సీటు మీద, అంటే మూసుకున్నప్పుడు అది ఆనుకునే లోహపు రింగు మీద పడుతుంది. వాల్వు వ్యాసం 20 మిల్లీమీటర్లయితే దాని మీద ఒకటిన్నర టన్నులకు పైగా బరువు. అంత బరువుతో అన్నిసార్లు కొట్టుకునే లోహం అరక్క తప్పదు. ఒక్క ఇసుక రేణువు సీటు మీద చిక్కుకుని వెంట్రుకవాసి సందు మిగిల్చినా చాలు, అందులోంచి దూసుకుపోయే నీరు ఉక్కులో గాడి కోస్తుంది. ఇదంతా నాకు తెలుసు. సీట్లు మార్చాల్సి వస్తుందని తెలిసే, మార్చే దారి మూసేశాను.

బద్ధకం వల్ల చేసిన పని కాదది. నీటిని నొక్కితే తగ్గదని బడిలో చదువుకుంటాం. 500 బార్ల దగ్గర అది రెండు శాతానికి పైనే తగ్గుతుంది. ప్లంజరు ముందర, వాల్వుల చుట్టూ ఉండే ఖాళీలో నిలిచిన నీరు ప్రతి స్ట్రోకులోనూ నలిగి, ప్లంజరు వెనక్కి వెళ్లగానే మళ్లీ సాగి, ఆ మేరకు కొత్త నీటికి చోటివ్వదు. స్ట్రోకు పరిమాణానికి మూడు రెట్ల ఖాళీ ఉంటే, పంపు ఇవ్వాల్సిన నీటిలో దాదాపు ఏడు శాతం అక్కడే ఆగిపోతుంది. ఆ ఏడు శాతం మీద నాకు పట్టుదల పుట్టింది. రెండు వాల్వులనూ ఒకే రంధ్రంలో ఒకదాని మీద ఒకటి నిలబెట్టాను. సీట్లను బిగుతు ఫిట్టుతో బ్లాకులోకి ప్రెస్సు చేయించాను. సీటు అడుగున, దాన్ని లాగి తీసే పుల్లరు కొక్కెం పట్టేంత అంచు వదిలితే ఖాళీ పెరుగుతుందని అదీ వదల్లేదు. టెస్టు బెంచి మీద వచ్చిన ఎఫిషియెన్సీ అంకె చూసుకుని పొంగిపోయాను.

క్రషింగు సీజనులో ఫ్యాక్టరీ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. గేటు బయట చెరకు బళ్లు బారులు తీరి ఉంటాయి. కోసిన చెరకులో చక్కెర పూటపూటకూ తగ్గిపోతూ ఉంటుంది. ఎవాపొరేటర్ ఆపి శుభ్రం చేసుకోవడానికి దొరికేవి కొన్ని గంటలే. సరిగ్గా ఆ గంటల్లో మా పంపు ప్రెషరు అందుకోలేదు. కింది సీటు కోసుకుపోయింది. అది రావాలంటే ముందు పై వాల్వూ దాని సీటూ రావాలి. కింది నుంచి తడదామంటే మానిఫోల్డుతో సహా నీళ్ల పైపులన్నీ విప్పాలి. పైగా బోరు నీళ్ల సున్నం సీటు చుట్టూ పట్టేసింది. అక్కడి పెద్ద ఫిట్టరు గారు చివరికి సీటు లోపల చుట్టూ వెల్డింగు వరస వేశారు, చల్లారేటప్పుడు ముడుచుకుని వదులవుతుందని. సీటు వచ్చింది. రాని మరో సీటును ఉలితో చీల్చాల్సి వచ్చింది. ఆ ఉలి బ్లాకు గోడ మీద గీత పెట్టింది. కొత్త సీటు కూర్చోబెట్టాక నీరు ఆ గీత వెంట సీటు వెనక నుంచే దారి చేసుకుంది. సీటు ధరకు ఎన్నో రెట్లుండే బ్లాకు తుక్కయింది.

"బిగించేప్పుడు మీరుంటారు సార్. ఇప్పేప్పుడు మేమే కదండీ ఉండేది" అన్నారాయన. కోపంగా అనలేదు.

తిరిగొచ్చి నేను రాసిన రిపోర్టు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. సరైన పనిముట్టు వాడలేదని రాశాను. అలాంటి పనిముట్టు లోకంలోనే లేదు, నేను దానికి చోటే వదల్లేదు. అంతటితోనూ ఆగలేదు. సీటును ఇంకా గట్టి ఉక్కుతో చేయించాను. అది నిజంగానే ఎక్కువ కాలం నిలిచింది. కానీ తీయాల్సి వచ్చినప్పుడు డ్రిల్లుకూ లొంగలేదు. విప్పలేకపోవడం అన్న జబ్బుకు, అరగకపోవడం అన్న మందు వేశాను. ఆయన చెప్పింది వినబడ్డాకే ఆ పని చేశాను కాబట్టి మొదటి తప్పుకన్నా ఇదే పెద్దదనుకుంటాను.

నా కళ్లు తెరిపించాల్సింది మా ఊళ్లోనే ఉండేది. వీధి చివర బోరింగు, ఇండియా మార్క్ 2. ఒత్తిడిలో దానికీ నా పంపుకీ పోలికే లేదు, కానీ అదీ నాన్‌రిటర్న్ వాల్వుల మీదే బతుకుతుంది. దాని పైపు 32 మిల్లీమీటర్లు, అడుగున సిలిండరు 63.5 మిల్లీమీటర్లు. సిలిండరు పైపుకన్నా లావు కాబట్టి, వాషరు మార్చాలన్నా వాల్వు చూడాలన్నా పైపులన్నీ పైకి లాగాల్సిందే. ఊరివాళ్లు చేసుకోగలిగిన పని కాదు. సామానుతో మెకానిక్కుల జట్టు వచ్చేదాకా ఆడవాళ్లు చెరువుకు నడిచేవాళ్లు. తర్వాత వచ్చిన మార్క్ 3లో పైపును 65 మిల్లీమీటర్లు చేశారు. పైపులు కదలకుండానే రాడ్లు లాగి ప్లంజరునూ అడుగు వాల్వునూ పైకి తెచ్చుకోవచ్చు. లావు పైపు బరువెక్కువ, ఖరీదూ ఎక్కువ. అయినా ఆ ఖర్చుకు సిద్ధపడ్డారు. చిన్నప్పుడు ఆ పైపులు లాగడం నిలబడి చూసినవాణ్ని, బల్ల ముందు కూర్చుని అదే తప్పు గీశాను.

తర్వాతి బ్లాకులో సీటును ప్రెస్సు చేయలేదు. చేత్తో జారేంత వదులుగా ఉంచి, ఓ-రింగుతో సీలు చేసి, ఒత్తిడికి రింగు సందులోకి పాకకుండా వెనక బ్యాకప్ రింగు పెట్టాను. పైనుంచి ప్లగ్గు బిగిస్తే సీటు నిలుస్తుంది. సీటు లోపలే పుల్లరుకు మర కోయించాను. రెండు ముఖాలూ ల్యాపింగ్ చేయించాను, ఒకటి అరిగితే తిప్పి వేసుకోవచ్చు. ప్లగ్గు మరకు నీరు తగలకుండా సీలును మర కన్నా ముందుకు తెచ్చాను. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ మర పట్టేసుకుంటుంది కాబట్టి ఆ ప్లగ్గును అల్యూమినియం బ్రాంజులో చేయించాను. రెండు వాల్వులకూ వేర్వేరు దారులిచ్చాను. విప్పే ముందు లోపల చిక్కుకున్న ప్రెషరును వదిలేందుకు ఒక వెంట్ స్క్రూ కూడా ఉంచాను. పైవాల్వు అవతల ప్రెషరు నిలిచి ఉండగా ప్లగ్గు విప్పితే మనిషి ప్రాణమే పోతుంది. మొదటి డ్రాయింగులో ఆ స్క్రూ కూడా లేదని చెప్పడం నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.

ఖాళీ పెరిగింది. నీరు కొంచెం తగ్గింది. ఆ తగ్గుదలను ప్లంజరు వ్యాసం కాస్త పెంచి సరిచేశాను, మోటారు దాన్ని మోయగలిగింది.

పాత బ్లాకులు కొన్ని ఇంకా నడుస్తున్నాయి. వాటిలో పుల్లరుకు చోటు కోద్దామని చూశాను. ప్లంజరు రంధ్రం, వాల్వు రంధ్రం కలిసే మూల దగ్గరే ఒత్తిడంతా కేంద్రీకృతమవుతుంది, పగుళ్లు మొదలయ్యేదీ అక్కడే. ఆ మూలలో కోయడానికి మిగులు లోహం లేదు. వాటిని మార్చి కొత్తవి ఇవ్వడమొక్కటే దారి. ఆ డబ్బు కోసం మా వాళ్లతో ఇప్పటికీ వాదిస్తున్నాను.