జానెడు గంట ఆత్మకథ

నేను గంటను. ఎత్తు జానెడు, ఒళ్లంతా కంచు. మా ఊరు తన్లిన్. యాంగోన్ నుంచి వంతెన మీద బగో నది దాటితే వస్తుంది. ఒకప్పుడు దీన్ని సిరియం అనేవారు. ఇక్కడి చమురు శుద్ధి కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్ల వంశంలో పుట్టిన ఒక రిటైర్డ్ ఫిట్టర్ నన్ను పోతపోశాడు. పాతకాలపు వస్తువులకు అచ్చుగుద్దినట్టు నకళ్లు చేయడం ఆయన సరదా. అయితే నా అసలును ఆయన చూడలేదు. నాలుగు శతాబ్దాలుగా ఎవరూ చూడలేదు.

ఆ అసలు పేరు ధమ్మజేది గంట. మోన్ రాజు ధమ్మజేది 1484లో పోతపోయించి శ్వేడగోన్ పగోడాకు సమర్పించాడు. 1583లో వెనిస్ రత్నాల వర్తకుడు గాస్పరో బాల్బి దాన్ని చూశాడు. పైనుంచి కిందిదాకా అక్షరాలున్నాయనీ, వాటిని చదవగలిగినవాళ్లు దొరకలేదనీ రాసుకున్నాడు. 1608లో సిరియంను ఏలుతున్న పోర్చుగీసు ఫిలిప్ డి బ్రిటో, కరిగించి ఫిరంగులు చేయిద్దామని ఆ గంటను దించాడు. ఏనుగులతో నదిదాకా ఈడ్పించి తెప్ప ఎక్కించాడు. బగో నది యాంగోన్ నదిలో కలిసేచోట తెప్ప విరిగి గంట మునిగింది. 1613లో బర్మా రాజు అనౌక్‌పెత్‌లున్ ఈ ఊరిని పట్టుకుని డి బ్రిటోను కొరత వేయించాడు. గంట మాత్రం ఎందరు వెతికినా దొరకలేదు.

కంటికి కనబడనిదానికి నకలు ఎలా? మా పెద్దాయన లెక్కతో మొదలుపెట్టాడు. ఎత్తు 12 మూరలు, వెడల్పు 8 మూరలు, బరువు 1,80,000 బర్మా వీశెలు, అంటే దాదాపు 294 టన్నులని పెద్దల మాట. మూరకు రెండు జానలు కనుక 24 జానల గంటను జానెడుకు దించాడు. ఆ చొప్పున నా బరువు 21 కిలోలు తేలింది. తీరా మైనంతో రూపు దిద్దబోతే అసలు సంగతి బయటపడింది. ఈ కొలతల్లో అంత కంచు పట్టాలంటే నేను బోలుగా ఉండే వీల్లేదు, దాదాపు నిండు దిమ్మనైపోవాలి. దిమ్మ మోగదు. బర్మాలోనే ఉన్న మరో పెద్ద గంట, మింగున్ గంట, అంచు దగ్గర దాదాపు 5 మీటర్ల వెడల్పున్నా బరువు 90 టన్నులే. అంటే కొలతల్లోనో బరువులోనో ఎక్కడో తేడా ఉంది. చేత్తో చేయబోతేనే ఇలాంటివి తెలుస్తాయి. ఆయన కొలతలు ఉంచి బరువు వదిలేశాడు.

బంకమట్టిలో వరి ఊక కలిపి లోపలి అచ్చు చేశాడు. దానిమీద తేనెమైనం, ఆపైన మళ్లీ మట్టి. కాలిస్తే మైనం కరిగిపోయి, ఆ ఖాళీలోకి నాలుగు పాళ్ల రాగి, ఒక పాలు తగరం పారాయి. నాకు నాలుక పెట్టలేదు. బర్మా గంటలను బయటినుంచి కొయ్యతో కొడతారు. పైనుండే కడియానికి శ్వేడగోన్‌లోనే ఉన్న సింగు రాజు గంటను చూసుకున్నాడు. అక్షరాల దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

“పాత లిపిలో ఏదో ఒకటి చెక్కెయ్ తాతా, బాగుంటాది,” అన్నాడు మనవడు.

“చదివినోళ్లే లేరు గదరా. మనం చెక్కితే అది మన రాత అవుద్ది గానీ ఆ రాజుది కాదు.”

అందుకే నా ఒళ్లు నున్నగా ఉంది.

ఉప్పు, వెనిగర్ కలిపి పూసి, తడిగుడ్డ చుట్టి ఉంచితే నాకు పచ్చటి చిలుము పట్టింది. ఇప్పుడు చూస్తే ఎవరైనా పురాతన వస్తువనే అనుకుంటారు. నా కడుపులో మాత్రం “నకలు, తన్లిన్” అని, పోసిన సంవత్సరంతో సహా ఉంది. అది గీకేస్తే మంచి ధర ఇస్తానని ఒకాయన అడిగాడు. మా పెద్దాయన ఇవ్వలేదు. నకలుకూ దొంగసరుకుకూ మధ్య గోడ ఆ రెండు మాటలే.

నన్ను చూడవచ్చిన పిల్లలకు ఆయన రెండూ చూపిస్తాడు: ఎంత తెలుసో, ఎక్కడ తెలియదో. రేపు అసలు గంట నదిలోంచి బయటికొచ్చి నా ఆకారం తప్పని తేలినా నాకు సంతోషమే. నన్ను దాని పక్కన పెట్టి తేడాలు చూడండి. నన్ను చేసింది అందుకే.