వర్ణనాతీతం: పదికి పది

ఏడో తరగతి తెలుగు పేపర్లు నలభై రెండు నా బల్ల మీదున్నాయి. ప్రశ్న: మీ ఊరి సంతను వర్ణించండి. మా వైపు సంత అనరు, అంగడి అంటారు. పరీక్ష నడుస్తుండగా ముగ్గురు లేచి "సంత అంటే ఏంది సార్?" అన్నారు. "అంగడేరా" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ మాటతో ఒకడికి నిజంగానే అంగడి గుర్తొచ్చింది.

మిగతా నలభై ఒక్కరికీ గైడు గుర్తొచ్చింది. ఆ గైడు నాకు పాత శిష్యుడే. పదేళ్లుగా దాని పేపరు దిద్దుతున్నాను. ఏటా రాస్తుంది, ఏటా ఫస్టున పాసవుతుంది, అయినా ఏడో తరగతి వదిలి పోదు. దాని లెక్కన సంత ప్రతి ఆదివారం జరుగుతుంది. మా అంగడి బేస్తవారం. సర్పంచి కూడా మార్చలేని అంగడి రోజును మా పిల్లలు ముప్పావు గంటలో మార్చేశారు. ఇక జనం కిటకిటలాడతారు, కూరగాయలు నవనవలాడతాయి, రంగురంగుల దుకాణాలు కనువిందు చేస్తాయి. ఆఖరి వాక్యం అందరిదీ ఒకటే: 'మా ఊరి సంత శోభ వర్ణనాతీతం.'

వర్ణించరా నాయనా అని అడిగితే, వర్ణించడం కుదరదని రాసిచ్చారన్నమాట. దానికి మేం పూర్తి మార్కులు వేస్తాం. లెక్కల పేపర్లో 'ఈ లెక్క గణనాతీతం' అని రాసి రమ్మనండి, చూద్దాం. ఈ సౌకర్యం ఒక్క తెలుగులోనే ఉంది. భాష గొప్పదనం మరి.

దిద్దడానికి నా దగ్గర ఓ పట్టిక ఉంది. విషయానికి ఇన్ని, పదజాలానికి ఇన్ని, వాక్యనిర్మాణానికి ఇన్ని, తప్పుల్లేకుండా రాసినందుకు ఇన్ని. లెక్క తేలిగ్గా ఉండాలి కాబట్టి మొత్తం పది అనుకోండి. పిల్లవాడు ఆ సంత చూశాడా లేదా అన్నదానికి గడి లేదు.

పైవాళ్ల తప్పేమీ లేదు. బట్టీ వదలండి, బడి చదువును బయటి బతుకుతో కలపండి అని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం పరీక్షల భయం పోవాలని నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చింది. అప్పట్నుంచి మూల్యాంకనం నిరంతరంగానే ఉంది, చదువు చెప్పడానికే మధ్యలో సందు దొరకడం లేదు. ఏడాదికి నిర్మాణాత్మక పరీక్షలు, అంటే ఎఫ్‌ఏలు నాలుగు, సంగ్రహణాత్మక పరీక్షలు, అంటే ఎస్‌ఏలు రెండు. నేనూ ఎస్‌ఏనే, స్కూల్ అసిస్టెంటుని. ఒకప్పుడు పండితుణ్ని. హోదా పెరిగాక పాండిత్యం పోయి అసిస్టెంటు మిగిలాడు.

తెలుగు వాచకంలో 'సృజనాత్మకత' అని ఒక శీర్షికే పెట్టారు. దాని కింద ప్రశ్నలకు పిల్లలు సొంతంగా రాయాలి. వెనకటికి గైడుకు కొంత సిగ్గుండేది. అలాంటి ప్రశ్న వస్తే 'విద్యార్థి కృత్యం' అని రాసి పక్కకు తప్పుకునేది. ఇప్పుడు ఆ మొహమాటం కూడా పోయింది. సొంతంగా రాయాల్సింది కూడా అదే సొంతంగా రాసిపెడుతోంది.

ఇక ఆ నలభై రెండో పేపరు. ఉన్నదున్నట్టు దించుతున్నాను:

'బేస్తారం అంగడైతది. మిరపకాయల కుప్పల కాడికి పోతే తుమ్ములొస్తయి. మేకలమ్మే కాడ చేతుల మీద తువ్వాల కప్పి లోపట వేళ్లు పట్టుకొని బేరం జేస్తరు. రేటు మనకు కనవడది. మా నాయిన మేకను అమ్మిండు. మేక నా దిక్కే చూసింది. నేను బజ్జీల దిక్కు చూసిన.'

పట్టిక ముందేసుకున్నాను. విషయం: సంత ప్రాముఖ్యం, రైతులకు ఉపయోగాలు రాయలేదు. పదజాలం: జాతీయాలు లేవు, అలంకారాలు లేవు, ఒక్క 'కనువిందు' కూడా లేదు. వాక్యాలు: మరీ పొట్టి. దోషాలు: ఎర్రపెన్ను అయిపోయింది, పక్క టీచరు దగ్గర అడిగి తెచ్చుకున్నాను. మొత్తం మూడు. మనసొప్పక హెడ్మాస్టరు గారికి చూపించాను. ఆయన అద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివారు. "మేకను సరిగా వర్ణించలేదయ్యా. రంగు, ఎత్తు, కొమ్ములు రాయాలి కదా" అన్నారు.

ఇది జరిగింది సెప్టెంబరు 9న. కాళోజీ నారాయణరావు పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. పొద్దున ప్రార్థనలో ఆయన ఫొటోకు దండ వేసి, జనం మాట్లాడేదే భాష అని పావుగంట దంచాను. పిల్లలు చప్పట్లు కొట్టారు, ఆ మేక కుర్రాడు అందరికంటే గట్టిగా. సాయంత్రం కూర్చుని వాడి 'అంగడైతది' కింద ఎర్రగీత గీశాను. పొద్దుటిది ప్రసంగం, సాయంత్రానిది ఉద్యోగం. ఆంధ్రలో నా దోస్తు ఒకాయన ఉన్నాడు. ఆయన ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారికి దండేసి ఇదే పని చేస్తాడు. రాష్ట్రం విడిపోయినా ఎర్రసిరా ఉమ్మడి ఆస్తిగానే ఉండిపోయింది.

వర్ణనకు పట్టిక కట్టడం మనకు కొత్త కాదు లెండి. మహాకావ్యంలో ఏమేం వర్ణించాలో దండి 'కావ్యాదర్శం'లో ఏకరువు పెట్టాడు: నగరం, సముద్రం, కొండ, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం... మనవాళ్లు మొత్తం పద్దెనిమిదని తేల్చారు. పద్దెనిమిదీ కళ్లారా చూసే ప్రతి కవీ రాశాడని నేను ప్రమాణం చేయలేను. మా గైడు వాటిని నాలుగుకు కుదించింది: సంత, వర్షం, పండుగ, పెంపుడు జంతువు. పాత పట్టికలో మధుపానం కూడా ఉండేది. ఈ సంగతి సిలబస్ కమిటీకి చెప్పకండి.

పేపర్లయ్యాక రిజిస్టరు. అందులో ఒక్కో పిల్లవాడి ప్రగతిని రెండు వాక్యాల్లో మేం వర్ణించాలి. అంటే ఇప్పుడు పరీక్ష నాది. నలభై రెండు మంది, ఎనభై నాలుగు వాక్యాలు, ఆన్‌లైన్‌లో మార్కులు ఎక్కించడానికి మర్నాడే ఆఖరు. టీచర్ల వాట్సాప్ గ్రూపు తెరిచాను. ఎవరో పుణ్యాత్ముడు నమూనా పెట్టాడు: 'విద్యార్థి చక్కగా వర్ణించగలడు. అక్షరదోషాలు సవరించుకోవాలి.' నలభై రెండు సార్లు రాశాను. ఆడపిల్లలకు కూడా 'వర్ణించగలడు' అనే పడింది. తనిఖీకి వచ్చిన అధికారి నాలుగు పేజీలు తిరగేసి, "అందరికీ ఒకటే రాశారేంటండీ? పిల్లవాణ్ని చూసి రాయాలి" అన్నారు. తర్వాత తనిఖీ పుస్తకంలో 'బాగుంది. ఇంకా మెరుగుపరచాలి' అని రాసి సంతకం పెట్టారు. దాని పైన పోయినేటి తనిఖీ ఉంది. అదీ 'బాగుంది. ఇంకా మెరుగుపరచాలి'యే.

మేక కుర్రాణ్ని పిలిచి మాట్లాడాను. "గిట్ల రాస్తే మార్కులు రావురా" అని ఒక పాత గైడు చేతిలో పెట్టాను. బుద్ధిమంతుడు, బుద్ధిగా తీసుకుపోయాడు.

ఎస్‌ఏ-1లో ప్రశ్న వచ్చింది: మీ పెంపుడు జంతువును వర్ణించండి. వాడి పేపరు ముందుగా వెతికి తీశాను. 'మా కుక్క పేరు టామీ. దానికి నాలుగు కాళ్లు, ఒక తోక గలవు. అది మిక్కిలి విశ్వాసము గల జంతువు. దాని అందము వర్ణనాతీతము.' అక్షరదోషం ఒక్కటీ లేదు. పదికి పది వేశాను.

వాళ్లింట్లో కుక్క లేదు.